ఏడో సీటు ఖరీదు

తిరుపతి ప్రయాణమైనా, పెళ్లిచూపులైనా, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగే కొడుకునూ కోడలినీ పిల్లలనూ తీసుకురావాలన్నా తెలుగిళ్లలో ముందుగా వినపడే మాట ‘ఇన్నోవా మాట్లాడదాం’. అద్దెకు మాట్లాడుకున్నంత కాలం చిక్కేమీ లేదు. సొంతానికి కొనుక్కోవాలనుకున్న రోజున లెక్కలు మొదలవుతాయి. టయోటా ఇన్నోవా పద్దెనిమిది లక్షల పైన మొదలై ముప్పై లక్షల దాకా పోతుంది. ఏడు సీట్లే మారుతి ఎర్టిగాలో తొమ్మిది లక్షల దగ్గర, కియా కారెన్స్‌లో పదకొండు లక్షల దగ్గర, రెనో ట్రైబర్‌లో ఆరు లక్షల లోపే దొరుకుతున్నాయి. ఇవి 2025 సెప్టెంబరులో జీఎస్టీ మారిన తరవాతి ఎక్స్‌షోరూం ధరలు, ఇంచుమించుగా. సీట్ల లెక్క ఒకటే అయినప్పుడు రెండింతలు, మూడింతలు ఎందుకు పెట్టాలి?

షోరూంలో ఈ ప్రశ్నకు దొరికే జవాబులు ఇంజినూ, సన్‌రూఫూ, టచ్‌స్క్రీనూ చుట్టూ తిరుగుతాయి. అసలు తేడా బండి వెనక భాగంలో ఉంది. డబ్బు కట్టేవారు నడిపి చూసేది ముందు సీట్లో కూర్చుని. ఆ పక్క సీట్లోనో, మధ్య వరసలోనో ఇంటి పెద్దలు కూర్చుని చూస్తారు. చివరి వరసలో ఏళ్ల తరబడి కూర్చోబోయే పిల్లలూ, మరదళ్లూ, ఊరినుంచి వచ్చే పిన్నీ ఆ రోజు షోరూంకి రారు. ఇన్నోవాకూ చవక బళ్లకూ మధ్య ఉన్న పది లక్షల తేడాలో పెద్ద వాటా వాళ్ల మోకాళ్లదీ, వాళ్ల పెట్టెలదీ. కాబట్టి ఈ బేరాన్ని వెనకనుంచి ముందుకు చూడటమే న్యాయం.

ముందు ఇన్నోవాకు ఈ పేరు ఎలా వచ్చిందో చూడాలి. బెంగళూరు పక్కన బిడదిలో టయోటా కిర్లోస్కర్ ఫ్యాక్టరీ పెట్టి, 2000 జనవరిలో క్వాలిస్‌ను విడుదల చేసింది. ఇండోనేషియాలో 1977 నుంచీ నడుస్తున్న కిజాంగ్ కుటుంబంలోని బండే అది. చూడటానికి పెట్టెలా ఉండేది, కానీ మొరాయించేది కాదు. టాటా సుమోలో గతుకులకు అలవాటుపడ్డ ట్రావెల్స్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. బాగా అమ్ముడుపోతూ ఉండగానే 2005లో క్వాలిస్‌ను ఆపేసి, కంపెనీ ఇన్నోవాను తెచ్చింది. కొత్త బండి ధర ఎక్కువ, అయినా పాత నమ్మకం దాన్ని మోసింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం హైదరాబాద్ పోలీసులకు గస్తీ కోసం ఇన్నోవాలు కొనిచ్చింది. నగరంలో ప్రతి ప్రధాన కూడలిలో అవి కనపడేసరికి, ఎంత తిప్పినా తట్టుకునే బండి అన్న అభిప్రాయం ఇంకా గట్టిపడింది. 2016లో క్రిస్టా వచ్చింది. 2022 చివర్లో పూర్తిగా వేరే నిర్మాణంతో హైక్రాస్ వచ్చింది.

ఇప్పుడు ఇన్నోవా అంటే నిజానికి రెండు బళ్లు. క్రిస్టాది లారీలకున్నట్టు కింద ఛాసీ ఫ్రేము, దాని మీద బాడీ, 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్, వెనక చక్రాలకు బలం, మాన్యువల్ గేరు మాత్రమే. హైక్రాస్‌కు విడి ఫ్రేము లేదు, కారులా ఒకటే బాడీ. 2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ముందు చక్రాలకు బలం, పై వేరియంట్లలో హైబ్రిడ్. హైక్రాస్ నేల కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఆ కొద్ది ఎత్తు తేడాయే పెద్ద వరం. క్రిస్టా ఎక్కడానికి పైన హ్యాండిల్ పట్టుకుని ఒక అడుగు ఎగరాల్సి వస్తుంది. సంతకు పోయే మట్టిరోడ్లూ, ఏడాదికి అరవై వేల కిలోమీటర్ల తిరుగుడూ ఉన్నవారు మాత్రం ఇప్పటికీ క్రిస్టానే అడుగుతారు.

దీనికంటే చవగ్గా అమ్ముతామని వచ్చినవాళ్ల జాబితా పెద్దది. మహీంద్రా జైలో 2009లో, నిస్సాన్ ఎవాలియా 2012లో, షెవర్లే ఎంజాయ్ 2013లో, హోండా మొబిలియో 2014లో, రెనో లాడ్జీ, డాట్సన్ గో ప్లస్ 2015లో, టాటా హెక్సా 2017లో, మహీంద్రా మరాజో 2018లో. వీటిలో ఒక్కటీ ఇప్పుడు కొత్తది దొరకదు. ఇవన్నీ చెడ్డ బళ్లు కావు. లాడ్జీలో కూర్చున్నవారు దాని మూడో వరసను ఇప్పటికీ మెచ్చుకుంటారు. మరాజో ప్రమాద పరీక్షలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. అయినా అమ్మకాలు లేక ఒక్కొక్కటే ఆగిపోయాయి. షెవర్లే విషయంలోనైతే 2017 చివరికల్లా కంపెనీయే మన మార్కెట్‌లో అమ్మకాలు మానుకుంది. ఆగిపోయిన మోడల్ కొన్న ఇంట్లో హెడ్‌లైటు పగిలినా వారాల వెదుకులాట. అమ్మబోతే సెకండ్ హ్యాండ్ బ్రోకరు ముందు పెదవి విరిచి, తరవాతే ధర చెబుతాడు. చవక బండి కొనేటప్పుడు ఆదా అయిన డబ్బుతో పాటు ఈ బరువు కూడా ఇంటికి వస్తుందని గత పదిహేనేళ్ల అనుభవం.

ఆ వరసలో నిలదొక్కుకున్నవి మూడే. 2012లో వచ్చి 2018లో కొత్త రూపం తొడుక్కున్న ఎర్టిగా, 2019 నాటి ట్రైబర్, 2022 నాటి కారెన్స్. ఎర్టిగా 2024-25 ఆర్థిక సంవత్సరంలో 1.9 లక్షలకు పైగా అమ్ముడై, దేశంలో ఎక్కువగా పోయే కార్లలో ఒకటైంది. కారెన్స్ పుట్టిల్లు మన పెనుకొండ దగ్గరి ఎర్రమంచి. కియా ఫ్యాక్టరీలో తయారై అనంతపురం దారి పట్టి దేశమంతా పోతుంది. ట్రైబర్ చెన్నై పక్కన ఒరగడంలో తయారవుతుంది. సర్వీసు కోసమో, స్పేర్ పార్టుల కోసమో భయపడాల్సిన అవసరం ఈ మూడింటికీ ఇప్పట్లో కనపడదు. కాబట్టి పోలిక న్యాయంగా వీటితోనే.

ఎర్టిగానే కొద్ది మార్పులతో టయోటా 2023 నుంచి రూమియన్ పేరుతో అమ్ముతోంది. హైక్రాస్‌నే మారుతి ఇన్‌విక్టో పేరుతో అమ్ముతోంది. బండి ఒకటే, షోరూం వేరు. దగ్గర్లో ఏ సర్వీస్ సెంటరు ఉంటే అది చూసుకుంటే చాలు.

ఇక వెనక్కి పోయి కూర్చుందాం. ఎర్టిగాలో మూడో వరస చేరాలంటే మధ్య సీటు వీపును వంచి ముందుకు జరపాలి. దొరికే సందు ఒక పక్కకు తిరిగి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి రెండోది లాక్కునేంత. చీర కట్టుకున్నవారికి అది మరీ కష్టం. కూర్చున్నాక సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, మోకాళ్లు పొట్ట వైపు లేస్తాయి, తొడల కింద ఆనుకునేందుకు ఏమీ ఉండదు. మధ్య వరసవాళ్లు మంచి మనసుతో సీటు కొంచెం ముందుకు జరుపుకుంటే ఐదున్నర అడుగుల మనిషి రెండు గంటలు ఓర్చుకోవచ్చు. పన్నెండేళ్ల పిల్లలకైతే ఏ ఇబ్బందీ లేదు. కారెన్స్‌లో పై వేరియంట్లకు ఒక బటన్ ఉంది. నొక్కితే మధ్య సీటు తనంతట తానే మడుచుకుని లేస్తుంది. పిల్లలు ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగగలరు. ఇంట్లో పసిపిల్లల సీటు మధ్య వరసలో బిగించి ఉంటే మాత్రం ఆ వైపు దారి మూసుకున్నట్టే, ఏ బండిలోనైనా. ఇన్నోవాలో మధ్యన రెండు విడి కెప్టెన్ సీట్లున్న వేరియంట్ తీసుకుంటే దాన్ని కదపకుండానే సీట్ల మధ్యనుంచి వెనక్కి పోవచ్చు. చిన్న పిల్లలున్న ఇల్లు ఈ ఒక్క సంగతి కోసమైనా ఆగి ఆలోచించాలి.

ట్రైబర్ దారి వేరు. నాలుగు మీటర్ల లోపు పొడవులో మూడు వరసలు పట్టించడం నిజంగా మెచ్చుకోవాల్సిన పని. మూడో వరసలో రెండు విడి సీట్లు. అక్కర్లేనప్పుడు ఊడదీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. అప్పుడు డిక్కీ 625 లీటర్లు. బియ్యం బస్తాలు, మామిడికాయల బుట్టలు, ఇల్లు మారేటప్పుడు గ్యాస్ స్టవ్వూ ఫ్యానూ అన్నీ పట్టేస్తాయి. ఐదుగురి కుటుంబం ఏడాదిలో నాలుగైదుసార్లు ఊళ్లోనే ఏడుగురిని ఎక్కించుకోవాల్సి వస్తే దీన్ని మించిన బేరం లేదు.

ఏడుగురూ కూర్చున్నాక సామాను ఎక్కడ పెట్టాలన్నది అంతకంటే గట్టి పరీక్ష. మూడో వరస నిలబెట్టి ఉంచితే ట్రైబర్‌లో మిగిలేది 84 లీటర్లు, అంటే రెండు చేతిసంచులు. ఎర్టిగాలో 209, కారెన్స్‌లో 216. ఒక మధ్యరకం ట్రాలీ పెట్టెను నిలువునా పెట్టి, పక్కన ఒకటో రెండో సంచులు సర్దితే డిక్కీ తలుపు మూయడానికి ఒకరు నొక్కి పట్టుకోవాలి. ఎర్టిగా సీఎన్‌జీ అయితే ఆ చోటు కూడా సిలిండరుకు పోతుంది. హైక్రాస్‌లో 300 లీటర్ల దగ్గర. అదీ గొప్పేమీ కాదు. అమెరికా నుంచి వచ్చే కుటుంబం ఆరు పెద్ద పెట్టెలతో దిగితే ఇన్నోవాకైనా టాప్ క్యారియర్ తప్పదు. కానీ నలుగురు పెద్దలూ ముగ్గురు పిల్లలూ మూడు రోజుల బట్టలతో తిరుపతి వెళ్లి లడ్డూలతో తిరిగిరావాలంటే, కాళ్ల కింద సంచులు పెట్టుకోకుండా వచ్చేది ఇన్నోవాలోనే.

దారి ఎక్కాక బరువు మాట. ఏడుగురూ సామానూ కలిసి దాదాపు అర టన్ను. ట్రైబర్ తన బరువే టన్నుకు తక్కువ. ఒక లీటరు ఇంజిన్, మూడు సిలిండర్లు, 72 పీఎస్ బలం. అర టన్ను ఎక్కించాక, ఏసీ వేసి శ్రీశైలం ఘాట్‌లోనో తిరుమల కొండ మీదో ఎక్కిస్తే రెండో గేరు దాటదు, మలుపు దగ్గర బస్సును దాటబోవడం తప్పే అవుతుంది. ఎర్టిగా 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 103 పీఎస్ ఇస్తుంది. బండీ మనుషులూ కలిపిన బరువుకు పోలిస్తే క్రిస్టా 150 పీఎస్‌కు అది మరీ దూరంలో లేదు. హైవే మీద సాఫీగా పోతున్నప్పుడు రెండింటి మధ్య కంగారుపడాల్సిన తేడా కనపడదు. తేడా టార్కులో ఉంది: ఎర్టిగా 137 న్యూటన్ మీటర్లు, క్రిస్టా డీజిల్ 343. ఎక్కుడు దారిలో ఇంజిన్ అరుపు వినపడకుండా లాగేది ఈ రెండో అంకె. మారుతి 2020లో డీజిల్ మానేశాక చవక బళ్లలో ఆ లాగుడు కావాలంటే కారెన్స్ డీజిలే దారి, 250 న్యూటన్ మీటర్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలకోసారి సొంతూరికి ఘాట్ దారిలో పోయేవారికి ఈ సమీక్షలో అన్నిటికంటే సరిపడే బండి అదే.

ఖర్చుల్లో కొన్ని అసలు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. టోల్‌గేటు దగ్గర నాలుగు బళ్లూ ఒకటే తరగతి. 2025 ఆగస్టులో 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత కార్లన్నిటికీ ఒకటే. పన్నుల దగ్గర మాత్రం తేడా గట్టిది. 2025 సెప్టెంబరు 22 నుంచి, నాలుగు మీటర్ల లోపు పొడవూ 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజినూ ఉన్న కార్లకు 18 శాతం జీఎస్టీ, పెద్దవాటికి 40 శాతం. ఏడు సీట్లున్నా 3,990 మిల్లీమీటర్ల పొడవుతో ట్రైబర్ చిన్న కార్ల పన్నులో ఇమిడిపోయింది. ఎర్టిగా, ఇన్నోవా రెండూ 40లోనే. ధర పెరిగేకొద్దీ మన రెండు రాష్ట్రాల్లో లైఫ్ ట్యాక్సు శాతమూ పెరుగుతుంది కాబట్టి, ఖరీదైన బండి కొన్నవారు పెద్ద మొత్తం మీద పెద్ద శాతం కడతారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఇంజిన్ సీసీని బట్టి: వెయ్యి లోపు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 దాకా 3,416, ఆపైన 7,897. ట్రైబర్, ఎర్టిగా, ఇన్నోవా వరసగా ఆ మూడు మెట్ల మీద ఉన్నాయి.

హైబ్రిడ్ అంటే పెట్రోలు మిగిలిపోతుందన్న ఆశతో చాలామంది హైక్రాస్ వైపు మొగ్గుతున్నారు. మిగులుతుంది, నిజమే. ఎవరితో పోలిస్తే అన్నదే చూసుకోవాలి. కంపెనీలు చెప్పే మైలేజీ హైక్రాస్ హైబ్రిడ్‌కు 23.24, మామూలు హైక్రాస్ పెట్రోలుకు 16.13, ఎర్టిగా మాన్యువల్‌కు 20.51 కిలోమీటర్లు. రోడ్డు మీద మూడూ తగ్గుతాయి గానీ పోలికకు ఇవి చాలు. లీటరు 108 రూపాయలు, ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు అనుకుంటే హైబ్రిడ్‌కు సుమారు 70 వేలు, ఎర్టిగాకు 79 వేలు, మామూలు హైక్రాస్‌కు లక్ష. ఎర్టిగా బదులు హైబ్రిడ్ కొంటే ఏడాదికి మిగిలేది తొమ్మిది వేలు. దాని కోసం ముందే అదనంగా పెట్టాల్సింది పదిహేను లక్షల దగ్గర. మైలేజీ కోసం ఎర్టిగాను కాదని హైక్రాస్ హైబ్రిడ్ కొనడం లెక్కకు నిలవదు. రెండు హైక్రాస్‌ల మధ్య తేడా మాత్రం ఏడాదికి ముప్పై వేలు. విడుదలప్పుడు హైబ్రిడ్ వేరియంట్లు 24 లక్షల పైన, మామూలువి 18 లక్షల పైన మొదలయ్యాయి. ఆ తేడా కొంత ఇంజిన్‌దీ, కొంత అదనపు సౌకర్యాలదీ. ఇంటి వాడకంలో అది పెట్రోలు రూపంలో తిరిగిరావడానికి పదిహేనేళ్లు దాటుతుంది. ఏడాదికి అరవై వేలు తిరిగేవారికి ఐదేళ్ల లోపే వచ్చేస్తుంది.

కరెంటు బండి దారి కూడా తెరుచుకుంది. 2025 జులైలో కియా కారెన్స్ క్లావిస్ ఈవీని 17.99 లక్షలతో మొదలుపెట్టింది, అదీ పెనుకొండ బండే. పెద్ద బ్యాటరీకి కంపెనీ చెప్పే దూరం 490 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఏడుగురితో ఏసీ వేసుకుని పోయినా మధ్యలో ఆగాల్సిన పని ఉండకూడదు. తిరుపతికైతే దారిలో ఒకసారి ఛార్జింగు తప్పదు. ఇన్నోవా అడుగు వేరియంట్ ధరకే వస్తుంది కాబట్టి, ఇంట్లో సొంత పార్కింగూ కరెంటు పాయింటూ ఉన్నవారు దీన్ని పక్కన పెట్టేయకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన విషయం. 2019లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో ఎర్టిగాకు మూడు నక్షత్రాలు వచ్చాయి. 2022లో ఆ సంస్థ నిబంధనలు బిగించింది. 2024లో మన దేశంలో తయారై ఆఫ్రికాకు పోయే ఎర్టిగాకు పెద్దల రక్షణలో ఒకే నక్షత్రం దక్కింది. గుద్దుకున్నప్పుడు బాడీ నిలకడగా లేదని రెండుసార్లూ తేలింది. ట్రైబర్‌కు పాత నిబంధనల్లో 2021లో నాలుగు వస్తే, కొత్త నిబంధనల్లో ఆఫ్రికా బండికి రెండే వచ్చాయి. కారెన్స్ కొత్త పరీక్షలో పెద్దల రక్షణలో మొదట సున్నా తెచ్చుకుంది. సీటుబెల్టుల ఏర్పాటు వగైరా మార్చాక మూడుకు చేరింది. మన సొంత పరీక్ష, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్‌లో హైక్రాస్‌కు 2025లో ఐదుకు ఐదు నక్షత్రాలు వచ్చాయి. ఇక్కడ అమ్మే ఎర్టిగాకు ఇప్పుడు అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. అది మంచి మార్పు. కానీ మెత్తని బాడీని ఎయిర్‌బ్యాగు గట్టిపరచలేదు. ధరల పోలికలో ఇన్నోవా వైపు నిలబడటానికి ఇంతకంటే గట్టి కారణం మరొకటి లేదు.

ఇందులో ఇంకో లోతు ఉంది. ఈ పరీక్షలన్నీ ప్రధానంగా ముందునుంచీ పక్కనుంచీ జరిగే ప్రమాదాలవి. పిల్లల బొమ్మలను కట్టి కూర్చోబెట్టేది మధ్య వరసలో. మూడో వరసలో ఎవరినీ కూర్చోబెట్టి చూడరు. వెనకనుంచి లారీ గుద్దితే చివరి సీటు వీపుకూ డిక్కీ తలుపుకూ మధ్య ఉన్న జానెడు చోటే రక్షణ. ట్రైబర్‌లో ఆ చోటు మరీ తక్కువ, ఇన్నోవాలో కొంచెం మేలు. నక్షత్రాలు ఎన్నున్నా, రాత్రివేళ హైవే మీద పోయేటప్పుడు పిల్లలను మధ్య వరసకు తెచ్చి, పెద్దలు వెనక్కి వెళ్లడం మంచిది. వెనక కూర్చున్నవారి బెల్టులు సీటు కింద కూరుకుపోకుండా, చేతికి అందేలా ఉంచాలి. సర్దుకుని కూర్చోవడం పేరుతో ఐదేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని ఏడు సీట్లలో తొమ్మిదిమంది పోవడం మన దారుల్లో రోజూ కనపడేదే. ఆ అలవాటును ఏ కంపెనీ బండీ కాపాడలేదు.

డబ్బుల లెక్కను ఒకసారి పూర్తిగా వేస్తే సంగతి తేటపడుతుంది. ఎర్టిగా బదులు ఇన్నోవా కొనడానికి పది లక్షలు అదనంగా అప్పు తెచ్చారనుకుందాం. తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల వాయిదా నెలకు సుమారు 16 వేలు. ఏడేళ్లలో వడ్డీయే మూడున్నర లక్షలు. ఏడేళ్ల తరవాత రెండు బళ్లూ సగం ధరకు అమ్ముడుపోయాయనుకుంటే ఆ పది లక్షల్లో ఐదు తిరిగొస్తాయి. అంటే ఇన్నోవా కోసం నిజంగా ఖర్చయింది ఎనిమిదిన్నర లక్షలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. ఇన్నోవాకు రీసేల్ ఇంకా బాగుంటుందని వాదించేవారు అందులోంచి మరికొంత తీసేయవచ్చు. ఇప్పుడు అద్దె సంగతి. కిలోమీటరుకు ఇరవై రూపాయల లెక్కన హైదరాబాద్ నుంచి తిరుపతి రానుపోను, డ్రైవర్ బత్తా, టోలు కలిపినా ముప్పై వేల లోపు. అంటే ఎర్టిగా కొనుక్కుని, ఏడుగురూ దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ఇన్నోవా మాట్లాడుకుంటే ఏడాదికి నాలుగు పెద్ద ప్రయాణాలు ఆ డబ్బుతోనే గడుస్తాయి. నడిపే అలసట కూడా ఇంటివాళ్లకు ఉండదు.

ఈ నాలుగు అన్న అంకె దగ్గరే నిర్ణయం తేలిపోవాలి. సంక్రాంతికి ఊరు, వేసవిలో ఒక తిరుపతి, మధ్యలో ఒక పెళ్లి, అంతటితో సరి అనే ఇళ్లకు ఇన్నోవా అక్కర్లేదు. మిగతా రోజుల్లో ఆఫీసుకు ఒక్కరూ, స్కూలుకు ఇద్దరూ పోయే పనిని ఎర్టిగానో కారెన్సో చక్కగా నడిపిస్తుంది. హైదరాబాద్ అపార్టుమెంటు సెల్లారులో స్తంభాల మధ్య పార్కు చేయడానికీ పొడవు తక్కువ బండే నయం. అత్తమామలూ అమ్మానాన్నలూ ఒకే ఇంట్లో ఉండి, ఆసుపత్రికీ గుడికీ బంధువులింటికీ వారం వారం ఆరుగురేడుగురు కదిలే ఇల్లు వేరు. అక్కడ ప్రతి వారం ఎవరో ఒకరు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, అదీ ఎప్పుడూ ఆ ఒక్కరే అవుతారు. అలాంటి ఇంటికి ఇన్నోవాను ఆడంబరం అనడం తప్పు. హైబ్రిడ్ కోసం ఎగబాకకుండా మామూలు హైక్రాస్‌తో ఆగితే ఖర్చూ అదుపులో ఉంటుంది. స్కార్పియో-ఎన్ లాంటి ఎత్తైన బళ్ల వైపు ఇదే డబ్బుతో మనసు పోవడం సహజమే గానీ, వాటి మూడో వరస ఇన్నోవా అంత వెడల్పుగా ఉండదు. కొనేముందు ఇంట్లో పొడుగాటి మనిషిని అందులో కూర్చోబెట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పించాలి.

కొత్త కారెన్స్ ధరకే ఐదారేళ్ల క్రిస్టా దొరుకుతుంది కదా అన్న ఆలోచన మిగిలింది. అది కొట్టిపారేయదగ్గది కాదు. ఇంజిన్ లక్షన్నర కిలోమీటర్ల దగ్గర ఇంకా నడివయసులోనే ఉంటుంది. కొనే బండి ఎవరి దగ్గర ఎలా తిరిగిందన్నది మాత్రం చూసుకోవాలి. మన దగ్గర అమ్మకానికి వచ్చే ఇన్నోవాల్లో ఒకప్పుడు పసుపు ప్లేటుతో ట్రావెల్స్‌లో తిరిగి, తరవాత తెల్ల ప్లేటుకు మారినవి ఉంటాయి. ఆర్సీలో పాత వివరాలు అడిగి చూడాలి. మీటరు మీది అంకెను కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉన్న రికార్డుతో పోల్చి చూడాలి. క్లచ్ పెడల్ గట్టిగా ఉందా, మూడో వరస బెల్టులు సాఫీగా లాగితే వస్తున్నాయా, ఏసీ చల్లగాలి వెనకదాకా చేరుతోందా చూడాలి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే కాబట్టి మిగిలిన ఏళ్లను లెక్కపెట్టి బేరమాడాలి. ఆ తరవాత కూడా ఉంచుకోవాలంటే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, ఫీజు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. అవన్నీ సరిగ్గా ఉన్న బండి చేతికొస్తే, కొత్త వాసన లేకపోయినా, చివరి వరసలో కూర్చునేవాళ్లకు కొత్త కారెన్స్ కంటే అదే ఎక్కువ చోటిస్తుంది.